సొరంగం మీద కట్టిన కొండ కొండలా కనిపించడం లేదు: సలహా కావాలి

కొత్తలైను

సభ్యులందరికీ నమస్కారం. హెచ్‌ఓ స్కేలులో, అంటే 1:87 నిష్పత్తిలో, 240 సెం.మీ. పొడవు, 120 సెం.మీ. వెడల్పు గల ప్లైవుడ్ బల్ల మీద నా మొదటి నమూనా రైలు మార్గం, అంటే లేఅవుట్, కట్టుకుంటున్నాను. పట్టాలు పరచి, వైరింగ్ ముగించి, రెండు నెలలుగా బండ్లు నడుపుతున్నాను. ఆ విషయంలో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా దృశ్యంతోనే వచ్చింది. ఎడమవైపు వెనుక మూలలో పట్టాలు తిరిగే మలుపును కప్పుతూ 25 సెం.మీ. ఎత్తున, 70 సెం.మీ. వెడల్పున ఒక కొండ కట్టాను. పాత వార్తాపత్రికలను ఉండలు చుట్టి పేర్చి, వాటి మీద తడిపిన ప్లాస్టర్ గుడ్డ పరచి, అది ఆరాక ఆకుపచ్చ రంగు వేసి, రంగు పట్టించిన రంపపు పొట్టు చల్లాను. ప్రతి దశా సరిగానే చేశాననుకుంటున్నాను. అయినా నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే బల్ల మీద ఒక గిన్నె బోర్లించినట్టుంది. బండి ఆ గిన్నెలోకి వెళ్లి మళ్లీ బయటికి వస్తోందే తప్ప, కొండను తొలిచిన దారిలో పోతున్నట్టు అనిపించడం లేదు. ఫొటో జతచేశాను, లోపం ఎక్కడుందో చెప్పగలరా?

కోతగట్టు

కొత్తలైను గారూ, మీరు వాడిన సామాగ్రిలో దోషం లేదు. దోషం వరసలో ఉంది. లోకంలో కొండ ముందు పుడుతుంది, రైలు మార్గం ఎన్నో యుగాల తరువాత వస్తుంది. మనం బల్ల మీద పట్టాలు ముందు పరచి, ఆ తరువాత వాటిని దాచడానికి కొండ కడతాం. చూసేవారికి కారణం తెలియకపోవచ్చు గానీ, ఆ తారుమారు మాత్రం కంటికి తెలిసిపోతుంది.

మీ కొలతలనే 87తో గుణించి చూడండి. 25 సెం.మీ. అంటే దాదాపు 22 మీటర్లు, 70 సెం.మీ. అంటే 61 మీటర్లు. అంత చిన్న దిబ్బ ఎదురైతే ఏ ఇంజనీరూ సొరంగం తవ్వడు. దాన్ని తప్పించి పక్కనుంచి దారి తీస్తాడు, కుదరకపోతే పైనుంచి నిలువునా కోసుకుంటూ పోతాడు. కనుక మీ కొండ సొరంగానికి తగినంత పెద్దది కావాలి, లేదా పెద్దదన్న నమ్మకమైనా కలిగించాలి. బల్ల మీద అంత చోటు ఉండదు కాబట్టి రెండో మార్గమే మనకు మిగిలింది. దానికి నేను పాటించే పద్ధతి ఇది: కొండ బల్ల మీద ముగిసిపోకూడదు. మీ కొండకు నాలుగు వైపులా పాదం కనిపిస్తోంది, శిఖరం కనిపిస్తోంది. చూపుకు అంతా దొరికిపోయింది, ఊహకు ఏమీ మిగల్లేదు. అదే కొండను వెనుక గోడ వరకూ, ఎడమ అంచు వరకూ తీసుకుపోయి అక్కడ కత్తితో కోసినట్టు ఆపేయండి. వాలు ఇంకా పైకి ఎక్కుతుండగానే గోడ అడ్డు వస్తే, శిఖరం ఆ గోడకు అవతల ఎక్కడో ఉందని కన్ను తానే అనుకుంటుంది.

రెండో సంగతి వాలు. వదులు మట్టి సాధారణంగా దాదాపు 34 డిగ్రీల వాలులో నిలుస్తుంది, అంటే ఒక వంతు ఎత్తుకు ఒకటిన్నర వంతుల అడుగు కావాలి. అంతకంటే నిటారుగా నిలవాలంటే అది రాయి అయినా కావాలి, కట్టిన గోడ అయినా కావాలి. ఫొటోలో మీ కొండ పక్కలు 60 డిగ్రీలకు పైగానే ఉన్నట్టు తోస్తోంది, వాటి మీద మాత్రం పచ్చిక పెరిగింది. గిన్నె రూపు వచ్చింది అక్కడినుంచే.

మూడోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. మీ బల్ల మీద పట్టాల కంటే కిందకు ఏదీ లేదు. ప్లైవుడ్ మట్టమే నేల, పట్టాలు ఆ నేల మీద, కొండ వాటికి పైన. నిజమైన మార్గం కాస్త దూరం కోతలో పోతుంది, కాస్త దూరం మట్టికట్ట మీద పోతుంది, వాగు వచ్చిన చోట తూము దాటుతుంది. పట్టాలు దాదాపు సమమట్టంగా పోతూ నేల మాత్రం వాటికి పైకీ కిందికీ లేచి పడుతుంటేనే ఆ నేలకు తనదైన బతుకు ఉన్నట్టు కనిపిస్తుంది.

ఒంటిచెట్టు

కోతగట్టు గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఆ ఆకుపచ్చ రంగు డబ్బాలోంచి తీసింది తీసినట్టుగా వేసినట్టుంది. హెచ్‌ఓ లేఅవుట్‌ను మనం 60 సెం.మీ. దూరం నుంచి చూస్తే, అది అసలు దృశ్యాన్ని 52 మీటర్ల దూరం నుంచి చూడటంతో సమానం. అంత దూరంలో ఏ ఆకూ డబ్బాలోని రంగంత గాఢంగా కనిపించదు. ప్రతి ఆకుపచ్చలోనూ కొంచెం బూడిద రంగో, లేత మట్టిరంగో కలపండి. కలిపిన రంగును లేఅవుట్ మీద వెలిగే దీపాల కిందే సరిచూసుకోండి. కిటికీ వెలుతురులో నచ్చిన రంగు రాత్రి ఎల్‌ఈడీ కింద వేరేగా మారుతుంది.

కొత్తలైను

ఇద్దరికీ కృతజ్ఞతలు. 87తో గుణించి చూడటం నాకు తట్టనే లేదు. ఇప్పుడు ఇంటి పక్కనున్న చెట్టును చూసినా మనసులో భాగించి చూస్తున్నాను. కొండను పడగొట్టడానికి సిద్ధంగానే ఉన్నాను. నా సందేహమల్లా కింది నేల గురించే. పట్టాలు ప్లైవుడ్‌కు మేకులతో బిగించి ఉన్నాయి, బల్ల పూర్తిగా సమతలం. ఇప్పుడు పట్టాల కంటే కిందికి నేలను ఎలా దించాలి? అంతా విప్పి మొదటినుంచి కట్టుకోవడం తప్పదా?

ప్లాస్టరుపని

విప్పనవసరం లేదు. పట్టాలకు అటూ ఇటూ మూడేసి సెం.మీ. వదిలి, వాగు ఎక్కడ పారాలనుకుంటున్నారో అక్కడ ప్లైవుడ్ మీద పెన్సిలుతో గీత గీయండి. మొదట బల్ల కిందికి దూరి, ఆ గీతకు దిగువన వైర్లు, పాయింటు మోటార్లు (బండి ఒక దారి నుంచి మరో దారికి మారే చోట పట్టాలను కదిపేవి), చట్రపు కర్రలు ఏమున్నాయో చూసుకోండి. తరువాత జిగ్‌సా రంపంతో ఆ ముక్కను కోసి తీసి, ఏడెనిమిది సెం.మీ. కిందికి దించి, చెక్కదిమ్మల సాయంతో మళ్లీ బిగించండి. పట్టాల కింద మిగిలిన సన్నటి పట్టీకి తప్పకుండా అడుగున ఒక నిలువు కర్ర దన్ను ఇవ్వండి, లేకపోతే అది నెలల మీద కుంగుతుంది. ఇప్పుడు మీకు పట్టాలకు దిగువన ఒక పల్లం వచ్చింది. ఆ పట్టీకి రెండు వైపులా వాలు కడితే అదే మట్టికట్ట అవుతుంది.

వాలు కట్టడానికి నేను ఇప్పటికీ పాత పద్ధతినే నమ్ముకున్నాను. అట్టపెట్టెలను రెండేసి సెం.మీ. వెడల్పు పట్టీలుగా కోసి, పై అంచు నుంచి కింది అంచుకు నిలువుగా అతికించి, వాటి మధ్యనుంచి అడ్డంగా మరికొన్ని పట్టీలు బుట్ట అల్లినట్టు అల్లుతాను. ఆ అల్లిక మీద ప్లాస్టర్‌లో ముంచిన కాగితపు తువ్వాళ్లను పెంకుల మాదిరిగా ఒకదాని అంచు మీద మరొకటి పడేలా పరుస్తాను. అమెరికాలో 1960లలో లిన్ వెస్ట్‌కాట్ ప్రచారంలోకి తెచ్చిన హార్డ్‌షెల్ పద్ధతి ఇదే. అంతకుముందు ఇనుప జాలీని వంచి, దాని మీద మందంగా ప్లాస్టర్ మెత్తేవారు. అది బరువెక్కేది, జాలీ అంచులు చేతులు కోసేవి. గట్టి రకం ప్లాస్టర్ దొరికితే అర సెంటీమీటరు మందం గుల్ల కూడా తనంతట తాను నిలుస్తుంది. అల్లిక దశలోనే వెనక్కి జరిగి చూసుకోవచ్చు, నచ్చని పట్టీని పీకి మళ్లీ వంచుకోవచ్చు. నేల రూపం అంతా తేలేది ఈ దశలోనే కనుక ఇక్కడ ఎంత సమయం గడిపినా అది వృథా కాదు.

రెండు జాగ్రత్తలు చెబుతాను. ప్లాస్టర్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను ప్లాస్టర్‌లో పోయకూడదు. ఉండలు కట్టేది అలా పోసినప్పుడే. ముందు కలిపిన ప్లాస్టర్ పెచ్చులు గిన్నెలో మిగిలి ఉంటే కొత్తది అనుకున్నదానికంటే చాలా త్వరగా గట్టిపడిపోతుంది. మిగిలినదాన్ని సింకులో పారబోయకండి, గొట్టంలో రాయిగా మారుతుంది. కలిపేటప్పుడే నీళ్లలో కాస్త మట్టిరంగు వేసుకుంటే, రేపు ఎక్కడైనా పెచ్చు లేచినా లోపలి తెలుపు బయటపడదు.

కోతగట్టు

ప్లాస్టరుపని గారి చేతిపని మీద నాకు గౌరవం ఉంది గానీ, కొత్తగా మొదలుపెట్టినవారికి నేను ఫోమ్ పలకలనే సూచిస్తాను. ప్యాకింగులో వచ్చే తెల్లటి పూసల థర్మోకోల్ గురించి కాదు నేను చెప్పేది. గోడల్లో వేడిని ఆపడానికి వాడే గట్టి పాలీస్టైరీన్ పలకల గురించి. వాటిని పొరలు పొరలుగా పేర్చి, వాలు ప్రకారం కత్తితో చెక్కి, ముతక ఆకురాయితో నునుపు చేయవచ్చు. తప్పు చెక్కితే ఆ ముక్క తిరిగి అతికించి మళ్లీ చెక్కవచ్చు. చెట్టు నాటాలంటే సూదితో ఒక పొడుపు పొడిస్తే చాలు. బరువు లేదు, గదిలో తడి ఉండదు.

అయితే దాని ప్రమాదాలు దానికి ఉన్నాయి. స్ప్రే డబ్బాల రంగులు, ద్రావకం కలిసిన జిగురులు ఫోమ్‌ను చూస్తుండగానే కరిగించి గుంటలు పెడతాయి. ఫోమ్‌కు సరిపడతాయని డబ్బా మీద రాసినవే వాడండి. వేడి తీగతో కోసేవారు కిటికీలు తెరిచి, గాలి ఆడే చోట మాత్రమే కోయాలి. ఆ పొగ పీల్చదగినది కాదు. చెక్కినప్పుడు రేగే గుండ స్థిరవిద్యుత్తు వల్ల చొక్కా చేతికీ, కుంచెకూ, ఇంజన్ చక్రాలకూ అంటుకుంటుంది, కనుక బండ్లను ముందే డబ్బాల్లో సర్దేయండి.

పెద్దబోగీ

ఏ పద్ధతిలో కట్టినా సరే, కొండను మూసేముందు ఇది చదవండి. నాకు ఎదురైన నష్టం మీకు ఎదురు కాకూడదు. నేను కొండ కట్టేటప్పుడు పొట్టి సరుకు బండ్లతో మాత్రమే సరిచూసుకున్నాను. ఏడాది తరువాత పొడవాటి ప్రయాణికుల బోగీలు తెచ్చుకుంటే మొదటి బోగీయే సొరంగం లోపలి గోడను రాసుకుని పట్టాలు తప్పింది. లోపలికి చెయ్యి పెట్టే దారి నేను వదల్లేదు. మంచి రాతి ముఖం ఒకటి, పదిహేను రోజులు రంగులద్దినది, సుత్తితో పగలగొట్టి బోగీని బయటికి తీయవలసి వచ్చింది.

లెక్క ఇలా వేసుకోండి. యూరప్‌లో నడిచే 26.4 మీటర్ల బోగీ హెచ్‌ఓలో 303 మి.మీ. పొడవు ఉంటుంది, దాని అడుగున ముందూ వెనుకా ఉండే చక్రాల చట్రాల కేంద్రాల మధ్య దూరం 218 మి.మీ. 457 మి.మీ. వ్యాసార్ధపు మలుపులో ఆ బోగీ నడుము లోపలివైపుకు 13 మి.మీ. జరుగుతుంది, కొసలు బయటివైపుకు 12 మి.మీ. వెళతాయి. బోగీ సగం వెడల్పు 16 మి.మీ. దీనికి కలపండి. అంటే పట్టాల నడిగీత నుంచి లోపలి గోడ 29 మి.మీ. దూరంలో ఉన్నా రాసుకుంటుంది. నేనైతే 35కు తక్కువ ఒప్పుకోను. మీ దగ్గర అంత పొడవు బోగీ లేకపోయినా, అదే కొలతకు అట్టపెట్టె కోసి, 218 మి.మీ. ఎడంగా రెండు చక్రాల చట్రాల మీద బిగించి, మూలలకూ నడుము పక్కలకూ పెన్సిలు ముక్కలు కట్టి తిప్పి చూడండి. పెన్సిలు ఎక్కడెక్కడ గీత పెడితే అక్కడ గోడ రాకూడదు. కొండ వెనుక వైపునో, బల్ల కిందనుంచో చెయ్యి పట్టేంత కంత తప్పక వదలండి.

కొత్తలైను

పెన్సిలు కట్టే ఉపాయానికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. ఈ వారం పాత కొండ మొత్తం తీసేశాను. వార్తాపత్రికల ఉండలు లోపల ఇంకా తడిగానే ఉన్నాయి, కింద ప్లైవుడ్ నల్లబడి బూజు పట్టింది. అంటే రూపం బాగుండి ఉన్నా అది నిలిచేది కాదు. పలకలు తెచ్చి కోతగట్టు గారు చెప్పినట్టు వెనుక గోడకూ ఎడమ అంచుకూ ఆనేలా పేర్చాను. కుడివైపు ప్లైవుడ్ కోసి వాగుకు పల్లం దించాను. సొరంగానికి ముందు 30 సెం.మీ. మేర కోత పెట్టాను. ఆ కోత పక్కలు రాతివిగా చూపించాలని కోరిక. రాయి ఎలా చేయాలి?

రాతిమడత

రాయి గురించి అడిగినందుకు సంతోషం, ఎందుకంటే లేఅవుట్లలో ఎక్కువ తొందరపాటు జరిగేది ఇక్కడే. చాలామంది రబ్బరు అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, వచ్చిన ముక్కలను దొరికిన దిక్కుకు తిప్పి అతికించేస్తారు. ఒక ముక్కలో పొరలు అడ్డంగా, పక్క ముక్కలో నిలువుగా, పై ముక్కలో ఏటవాలుగా ఉంటాయి. భూమి అలా చేయదు. ఒక కోతలో రాతిపొరలు ఒక దిక్కుకు వంగి ఉంటే, పట్టాలకు అవతలి వైపు గోడలోనూ అవే పొరలు అదే వంపుతో కొనసాగాలి, ఎందుకంటే మధ్యలోని రాయిని తీసేసింది మనుషులు. ఈ ఒక్క నియమం పాటిస్తే మీ కోత నిజంగా కోసినదానిలా కనిపిస్తుంది. ముందుగా ఫోమ్ మీద రెండు వైపులా స్కెచ్ పెన్నుతో పొరల గీతలు గీసుకోండి, పదో పన్నెండో డిగ్రీల వంపుతో. ఆ గీతలు దాటి ఏ ముక్కనూ అతికించకండి.

అచ్చులో పోసిన ప్లాస్టర్ పూర్తిగా గట్టిపడక ముందే, అచ్చును వంచితే పైన సన్నని పగుళ్లు కనిపించే దశలో, అచ్చుతో సహా వాలుకు అదిమి పట్టుకోండి. వాలు ప్లాస్టర్‌దైతే దాన్ని ముందే తడిపి ఉంచాలి, లేకపోతే ఆ పొడి నేల నీటిని పీల్చేసి ముక్క ఊడిపోతుంది. చేతికి వేడి తగిలి, ఆ వేడి తగ్గడం మొదలయ్యాక అచ్చు ఒలిచేయండి. ముక్కకూ ముక్కకూ మధ్య సందును కొత్త ప్లాస్టర్‌తో పూడ్చి, అది సబ్బు ముక్కంత మెత్తగా ఉన్న నాలుగైదు నిమిషాల్లో పాత కత్తి మొనతో పొరలను కలుపుతూ చెక్కండి. కత్తిని లాగవద్దు, కొద్దిగా తిప్పి పెచ్చు లేపండి. లాగిన గీత గీతలాగే మిగులుతుంది, లేచిన పెచ్చు విరిగిన రాయిలా ఉంటుంది.

రంగు కోసం ఆక్రిలిక్ రంగులను నీళ్లంత పలుచన చేసి మూడు గిన్నెల్లో పెట్టుకోండి: లేత పసుపు మట్టిరంగు, గోధుమ రంగు, బూడిద రంగు. పొడి ప్లాస్టర్ మీద చిరుతపులి మచ్చల్లా అక్కడక్కడ మొదటి రంగు, మిగిలిన ఖాళీల్లో కొంత రెండోది, కొంత మూడోది అద్దండి. అవి ఆరకముందే ఒకదానిలోకి ఒకటి పాకుతాయి. చివరికి చాలా పలుచని నలుపును మొత్తం మీద పారనివ్వండి. అది పగుళ్లలో నిలిచి, గట్ల మీదనుంచి జారిపోతుంది. ఆ నిమిషంలో ప్లాస్టర్ రాయిగా మారడం కళ్లారా చూడవచ్చు. ఎన్నిసార్లు చేసినా నాకు ఆ నిమిషం పాతబడలేదు.

ఇంకొక్క మాట. కోత అడుగున, పట్టాలకూ రాతిగోడకూ మధ్య, నీటి కాలువ ఒకటి ఉండాలి. పైనుంచి రాలిన రాతిముక్కలు ఆ కాలువ గట్టున పడి ఉండాలి. మిగిలిపోయిన అచ్చుముక్కలను గుడ్డలో చుట్టి సుత్తితో నలిపితే అదే రాయి, అదే రంగులో దొరుకుతుంది.

కొత్తలైను

రాతిమడత గారూ, మీరు చెప్పిన పెచ్చు లేపడం చేతికి పట్టడానికి మూడు సాయంత్రాలు పట్టింది, పట్టాక ఆపబుద్ధి కాలేదు. ఇప్పుడు కంకర ముందు వేయాలా, గడ్డి ముందు వేయాలా? చూసినచోటల్లా వేరువేరుగా చెబుతున్నారు.

కంకరదారి

నేను ముందు పక్క నేలకు మట్టి పొర వేస్తాను, తరువాత కంకర, ఆ తరువాతే గడ్డి. మట్టి ముందే ఉంటే కంకర అంచు దాని మీదికి సహజంగా జారుతుంది; గడ్డి చివర వస్తే అది కంకర అంచులోంచి అక్కడక్కడ మొలిచినట్టు చూపవచ్చు. వీటన్నిటికంటే ముందు పట్టాల పక్కలకు తుప్పు రంగు వేసి, పైతలాన్ని వెంటనే గుడ్డతో తుడిచేయాలి. కొత్త పట్టాల వెండి మెరుపు ఉన్నంతకాలం ఎంత మంచి కంకర పోసినా బొమ్మలాగే ఉంటుంది.

కంకర పరిమాణం దగ్గర చాలామంది పొరపడతారు. అసలు మార్గంలోని రాళ్లు చాలావరకు 25 నుంచి 60 మి.మీ. ఉంటాయి, 87తో భాగిస్తే 0.3 నుంచి 0.7 మి.మీ. అంటే దాదాపు ముతక ఇసుక రేణువంత. ఆవగింజలంత రాళ్లు పోస్తే అవి హెచ్‌ఓలో బండరాళ్లవుతాయి. బయటినుంచి తెచ్చిన ఇసుక అయితే జల్లించాక దాని మీద ఒక అయస్కాంతం తిప్పండి. ఇనుప రజను ఉంటే అంటుకుంటుంది. ఆ రజను ఇంజన్ మోటారులోకి చేరితే మోటారు పాడవుతుంది.

ఇక పోసే విధానం. పట్టాల మధ్య సన్నని ధారగా పోసి, మెత్తటి వెడల్పు కుంచెతో స్లీపర్ల మధ్యకు నెట్టండి. తరువాత కుంచె పిడితో పట్టాల మీద టకటకా కొడుతూ పోతే స్లీపర్ల మీద నిలిచిన రేణువులు తమంతట తామే కిందికి దిగుతాయి. ఒక్కో అడుగు దూరానికి పది నిమిషాలు పడుతుంది; ఆ పది నిమిషాలు తగ్గించుకోవాలని చూడవద్దు, ఎందుకంటే జిగురు ఎక్కడున్న రేణువును అక్కడే శాశ్వతంగా పట్టేస్తుంది. జిగురుకు ముందు ఆల్కహాలు కలిపిన నీటిని మంచులా పడేలా, సీసా ముక్కును పైకెత్తి స్ప్రే చేయండి. నేరుగా కొడితే కంకరలో గుంటలు పడతాయి. కంకర బాగా తడిశాక, చెక్క పనికి వాడే తెల్ల జిగురుకు రెండింతల నీరు, ఒక చుక్క గిన్నెలు కడిగే ద్రవం కలిపి, డ్రాపరుతో చుక్కచుక్కగా పట్టాల మధ్యా పక్కలా వదలండి. ముందు తడపకపోతే ఆ చుక్క ముత్యంలా పైనే నిలిచి, రేణువులను తనచుట్టూ చుట్టుకుని దొర్లిపోతుంది. తడిపి ఉంటే మాయమైనట్టు లోపలికి దిగిపోతుంది. పూర్తిగా ఒక రోజు ఆరనివ్వండి.

పాయింట్ల దగ్గర నియమం వేరు. కదిలే నాలుకల కింద, వాటిని లాగే కడ్డీ దగ్గర కంకర దాదాపు వద్దనే చెబుతాను. ఆ చోట నేలకు కంకర రంగే వేసి, చేతితో నాలుగు రేణువులు అద్ది, జిగురు ఆరేవరకూ పావుగంటకోసారి పాయింటును అటూ ఇటూ కదుపుతూ ఉండండి. తెల్ల జిగురు బిర్రుగా ఆరి, బండి చప్పుడును బల్లకు మోస్తుంది. ఆ మోత ఇష్టం లేనివారు ఆరాక కూడా సాగే గుణమున్న మాట్ మీడియం అనే ఆక్రిలిక్ జిగురు వాడుకోవచ్చు.

ఒంటిచెట్టు

గడ్డి వంతు వచ్చింది కాబట్టి మళ్లీ నేను. స్టాటిక్ గడ్డి అంటే నైలాన్ పోగులు. గడ్డి చల్లే పరికరంలోని జాలీకీ తడి జిగురుకూ మధ్య వేల వోల్టుల విద్యుత్ క్షేత్రం ఏర్పడి, ఆ పోగులు నిలువుగా ఎగిరి జిగురులో దిగబడతాయి. కరెంటు స్వల్పమే అయినా షాకు గట్టిగానే తగులుతుంది, ఆ సమయంలో జాలీని తాకకండి. పరికరపు రెండో తీగను ఒక మేకుకు తగిలించి ఆ మేకు జిగురు పూసిన చోటే గుచ్చాలి. ఫోమ్ మీద ఈ మాట మరిచిపోతే పోగులు సగం పడుకునే ఉంటాయి. జాలీని రెండు మూడు సెం.మీ. ఎత్తులో పట్టుకుని మెల్లగా ఊపండి.

పొడవును కూడా లెక్కలోకి తీసుకోండి. 2 మి.మీ. పోగు హెచ్‌ఓలో 17 సెం.మీ., 6 మి.మీ. పోగు అర మీటరు, 12 మి.మీ. పోగు మీటరు దాటుతుంది. అంతటా ఒకే పొడవు, ఒకే రంగు వేస్తే అది తివాచీ అవుతుంది. మొదట 2 మి.మీ. ఎండుగడ్డి రంగు, దాని మీద తుంపరలుగా జిగురు కొట్టి 4 మి.మీ. పచ్చది, వాగు ఒడ్డునా తూము నోటి దగ్గరా మాత్రమే 6 మి.మీ. ముదురుది. మనుషులు నడిచే చోట అసలు వేయకండి. మిగిలిన పోగులను వాక్యూమ్ గొట్టానికి పలుచని మేజోడు తొడిగి పీల్చితే మళ్లీ వాడుకోవచ్చు.

చెట్ల విషయంలో మీ కొండే ఒక పాఠం. నిండుగా పెరిగిన 20 మీటర్ల చెట్టు హెచ్‌ఓలో 23 సెం.మీ.; అంటే మీరు మొదట కట్టిన కొండ ఒక్క చెట్టంత ఎత్తే ఉంది. అంతటి చెట్లను కొండ మీద నాటితే కొండ చిన్నబోతుంది. అందుకని ముందు అంచున ఒకటో రెండో పెద్ద చెట్లు, తీగలు మెలిపెట్టి కొమ్మ కొమ్మగా చేసినవి, నాటండి. కొండ పైకి పోయేకొద్దీ చెట్లు చిన్నవి కావాలి. చివరి వరసకు 1:160 స్కేలు, అంటే ఎన్ స్కేలు చెట్లు కూడా నప్పుతాయి. ఆ పైన కనిపించేవి కొమ్మలు కావు, కేవలం గుబుర్లే.

లోతునీరు

వాగులో నీటికి బదులు రెసిన్, అంటే పోశాక గాజులా గట్టిపడే ద్రవం, పోసేముందు నా అనుభవం వినండి. అడుగు అంతా రంగు వేశాను, ఒడ్డులు చూశాను, పోసి పడుకున్నాను. తెల్లవారేసరికి వాగు ఎండిపోయింది. ప్లాస్టర్‌లో వెంట్రుకంత పగులు ఒకటి ఉంది; దానిలోంచి రెసిన్ అంతా కిందికి కారి, పాయింటు మోటారును అద్దంలో బిగించినట్టు బిగించేసింది. అప్పటినుంచి ముందు అడుగుకు రెండు పొరలు చిక్కటి తెల్ల జిగురు పూసి, ఆరాక నీళ్లు పోసి రాత్రంతా ఉంచి, కింద కాగితం తడవలేదని చూసుకున్నాకే రెసిన్ ముడతాను. ఆ నీరు తీశాక రెండు రోజులు ఆరాలి, తడి మీద రెసిన్ పాలలా తెల్లబడుతుంది.

వాగు లోతును రెసిన్ ఇవ్వదు, అడుగున వేసిన రంగు ఇస్తుంది. నడుమ ముదురు గోధుమ కలిసిన పచ్చ, ఒడ్డుకు వచ్చేకొద్దీ మట్టిరంగు. రెసిన్ మూడు మి.మీ.కు మించకుండా పొరలుగా పోయండి. మందంగా పోస్తే గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి పగులుతుంది, అడుగు ఫోమ్ అయితే అది కూడా మెత్తబడుతుంది. బల్ల మీద రసమట్టం పెట్టి చూసుకోండి, ఎందుకంటే రెసిన్ నీటిలాగే మట్టం వెతుక్కుంటుంది. అల కావాలంటే చివరి పొర ఆరాక మెరుపు జెల్‌ను కుంచెతో చిన్న చిన్న పోట్లుగా అద్దండి. హాంబర్గ్‌లో 2001లో మొదలైన మినియేచర్ వండర్‌లాండ్ అనే నమూనా రైళ్ల ప్రదర్శనశాలలో స్కాండినేవియా భాగానికి 30,000 లీటర్ల అసలు నీరే నింపారు. అది నిత్యం కాపుకాసే సిబ్బంది ఉన్నచోట సాధ్యం. ఇంటి లేఅవుట్‌లో అసలు నీరు దుమ్మునూ నాచునూ తెస్తుంది, అల కూడా స్కేలుకు రాదు.

వెనుకతెర

కొండను గోడకు ఆనించమని కోతగట్టు గారు అన్నారు. ఆ గోడ మీద ఏముందన్నది ఎవరూ అడగలేదు. గది మూల నిలువు గీతగా కనిపిస్తే ఆకాశం విరిగిపోతుంది. పలుచని హార్డ్‌బోర్డును మూలలో గుండ్రంగా వంచి బిగించండి. ఆకాశం పైన నీలంగా, దిగంతం దగ్గర దాదాపు తెల్లగా ఉండాలి. దూరపు కొండలను ఆకుపచ్చతో కాక బూడిద కలిసిన నీలంతో, వివరాలు లేకుండా వేయండి; ఎంత తక్కువ గీస్తే అంత దూరం పోతాయి. మీ ఫోమ్ కొండ పై అంచుకూ తెరకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ వదిలితే ఆ అతుకు చెట్ల గుబుర్ల వెనుక దాగిపోతుంది. దీపాలు మాత్రం లేఅవుట్ ముందు అంచుకు పైన ఉండాలి. లైట్లు నడినెత్తినో వెనుకనో ఉంటే చెట్లూ బండ్లూ మనకు కనిపించే వైపే నీడలో పడతాయి.

ఇదే పనిలో అమెరికాకు చెందిన లేఅవుట్ నిపుణుడు జాన్ అలెన్ అద్దాలు కూడా వాడాడు. ఆయన లేఅవుట్‌లో కొండలు నేల నుంచి పైకప్పు దాకా లేచేవి, అద్దాల వల్ల లోయలు రెట్టింపు దూరం పోయేవి. 1973లో ఆయన మరణించిన కొద్ది రోజులకే అది మంటల్లో పోయింది. దాని ఫొటోలు ఇప్పటికీ తీసి చూస్తుంటాను. కొండల మధ్య పట్టాలు వాటికి లోబడి పోతున్నట్టే ఉంటాయి.

కొత్తలైను

అందరికీ వివరంగా రాయాలని ఇంతకాలం ఆగాను. కోత పూర్తయింది, కంకర ఆరింది. పెన్సిలు కట్టిన పెట్టె ఒకచోట గీత పెట్టింది. అక్కడ నాలుగు మి.మీ. చెక్కేశాను. కొండ వెనుక 20 సెం.మీ. కంత వదిలాను. వాగులో నీటి పరీక్ష రెండుసార్లు చేశాను. మొదటిసారి కింది కాగితం తడిసింది, కనుక లోతునీరు గారి మాట నా రెసిన్‌ను నిజంగానే కాపాడింది.

నిన్న రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి, లేఅవుట్ దీపాలు మాత్రమే వెలిగించి, కుర్చీని బల్ల ఎత్తుకు దించుకుని కూర్చున్నాను. బండి మట్టికట్ట మీదుగా వచ్చి, తూము దాటి, రాతిపొరల మధ్యకు జారి సొరంగంలోకి పోయింది. కట్ట మీద ఉన్నంతసేపూ చక్రాల కిందనుంచి వెనుకటి ఆకాశం కనిపించింది. కోతలోకి రాగానే పెట్టెల పైకప్పులు మాత్రమే మిగిలాయి, కాలువ గట్టున నేను నలిపి పోసిన రాళ్ల మీద వాటి నీడ ఒకదాని వెంట ఒకటి పాకింది. పట్టాలు నేను మొదట బిగించిన చోటే ఉన్నాయి, ఒక్క మి.మీ. కూడా కదల్చలేదు. మలుపు కూడా అదే. ఇప్పుడు మాత్రం అది కొండ ఉన్నందువల్ల తిరిగిన మలుపులా ఉంది.

ఒక్క చోట మాత్రం తృప్తి లేదు. తూము రాతిగోడ మరీ శుభ్రంగా, నిన్న కట్టినట్టుంది. నీరు కారిన చార, అడుగున మేట వేసిన ఒండ్రు ఎలా చూపించాలి?

రాతిమడత

తూము నోటి పైరాయి సందుల నుంచి కిందికి, పలుచని నలుపును సన్న కుంచెతో ఒక్కో చుక్క వదిలి, దాన్ని దానంతటదే కారనివ్వండి, చేతితో గీయకండి. అది ఆరాక, దాని పక్కనే ఇంకా సన్నని తెల్లటి చార ఒకటి, సున్నం కారినట్టు. ఒండ్రుకు మెత్తగా జల్లించిన మట్టిని తూముకు దిగువన విసనకర్ర ఆకారంలో పరిచి, ముతక రేణువులను తూము దగ్గరా, మెత్తటివాటిని దూరంగా ఉంచండి. మట్టిని తెచ్చాక ముందు ఓవెన్‌లో వేడి చేయడం మరవకండి, అందులో పురుగుల గుడ్లు ఉంటాయి. చార పూర్తయ్యాక దగ్గరినుంచి ఒక ఫొటో పెట్టండి.